పట్టణం మనది, పటం ఎవరిది?

మొన్నొక రోజు మా ఆఫీసుకు ఒక చెల్లెలు వచ్చింది. కళ్యాణదుర్గం పక్క పల్లె. నాయన వేరుశనగ రైతు. ఆమె చదివింది టౌన్ ప్లానింగు. డిగ్రీ ఒక రాష్ట్రంలో, పీజీ ఇంకో రాష్ట్రంలో. ఇప్పుడు బెంగుళూరులో ఒక కన్సల్టెన్సీలో చిన్న జీతానికి పని చేస్తోంది. కుర్చీలో కూర్చోగానే ఆమె అడిగింది ఒకటే: "అన్నా, నేను చదివిన చదువుకు మన జిల్లాలో పని లేదా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆమే ఇంకో సంగతి చెప్పింది. ఆమె పని కంప్యూటర్ ముందు కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫొటోల మీద ఊళ్ల పటాలు గీయడం. ఒకరోజు ఆమె ముందుకు సీమలోని ఒక పట్టణం వచ్చింది. ఊరి నడుమ పొడుగ్గా ఖాళీ జాగా ఒకటి కనిపిస్తోంది. ఇళ్ల స్థలాల రంగు వేసెయ్యమన్నాడు పైనున్న సారు. "సార్, అది వంక" అన్నది ఈమె. "నీళ్లెక్కడున్నాయి?" అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు. ఆయన పుట్టిన చోట వంక అంటే ఏడాది పొడుగునా నీళ్లు పారేది. మన వంక పదేళ్లు ఎండి ఉంటుంది, పదకొండో ఏట ఒక్క రాత్రిలో ఊరిని ముంచేస్తుంది. ఆమె గట్టిగా పట్టుబడితే ఆ రంగు మార్చారు. "నేను ఆ రోజు సెలవులో ఉండుంటే ఏమయ్యేదన్నా?" అని అడిగింది.

ఈ వారం సంపాదకీయం ఆ చెల్లెలి రెండు ప్రశ్నల గురించే. పైకి అవి వేరువేరు ప్రశ్నలు. ఒకటి ఒక ఆడపిల్ల ఉద్యోగం గురించి. రెండోది ఒక ఊరి బతుకు గురించి. లోపల రెండూ ఒకటే.

వంక మరిచిన ఊరు

అనంతపురం వాసులకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగింది. కాలనీలు మునిగాయి. జనం మిద్దెల మీదికెక్కి కూర్చున్నారు. 2024 అక్టోబరులో పండమేరు వంతు వచ్చింది. మళ్లీ ఇళ్లలోకి నీళ్లు, మళ్లీ సహాయ శిబిరాలు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల లెక్క తీస్తే రాజస్థాన్ ఎడారి పక్కన మన పేరు చెబుతారు. అట్లాంటి కరువు సీమలో జనం వరద పాలు కావడం దేవుడు చేసింది కాదు. వంక దారిలో ఇళ్లకు అనుమతి ఇచ్చినవాళ్లు, ఇయ్యకున్నా కడుతుంటే చూసి ఊరుకున్నవాళ్లు, అసలు అది వంక అని పటంలో రాయనివాళ్లు చేసింది.

ఈ ఊరి పుట్టుక చూడండి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో, చిక్కవడియరు అనే అధికారి కట్టించిన చెరువులే బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని జిల్లా చరిత్ర చెబుతుంది. ముందు చెరువు, ఆ తర్వాత ఊరు. నీళ్లు ఎటు నుంచి వస్తాయి, ఎక్కడ నిలుస్తాయి, మరవ ఎటు పారుతుంది అన్నది తేల్చుకున్న తర్వాతే ఇల్లు కట్టుకున్నారు. దానికి ఇప్పుడు మనం పెట్టుకున్న పేరు అర్బన్ ప్లానింగ్. ఆరున్నర శతాబ్దాల కిందట ఉన్న ఆ తెలివి, శాటిలైట్ ఫొటోలు చేతికొచ్చిన ఈ కాలంలో మన మునిసిపల్ ఆఫీసుల్లో ఎందుకు లేకుండా పోయింది? ఆ తెలివి చదువుకున్న పిల్లలు లేకనా? ఉన్నారు. వాళ్లు కూర్చోవడానికి ఇక్కడ కుర్చీ లేదు.

కుర్చీలు ఎక్కడున్నాయి?

ముందు దేశం లెక్క చూద్దాం. 2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ పట్టణ ప్రణాళిక సామర్థ్యం మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని తేల్చింది. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలన్నింటికీ కలిపి 12,000కు పైగా ప్లానర్ పోస్టులు కావాలన్నది. మంజూరైనవి నాలుగు వేల లోపే. వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. అన్నిటికంటే విడ్డూరం ఇంకోటుంది. చాలా రాష్ట్రాల్లో టౌన్ ప్లానర్ ఉద్యోగానికి ప్లానింగు చదివి ఉండాలన్న నిబంధన కూడా లేదని ఆ నివేదికే చెప్పింది. వైద్యం చదవనివాడిని డాక్టరుగా పెట్టుకుంటామా? ఊరి విషయానికొచ్చేసరికి మాత్రం ఎవరైనా ఫరవాలేదు.

ఇప్పుడు మన ఇంటి లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా జనం 40 లక్షల పైన. అనంతపురం నగరం రెండున్నర లక్షలు దాటింది. హిందూపురం లక్షన్నర. గుంతకల్లు, ధర్మవరం, తాడిపత్రి ఒక్కొక్కటి లక్ష దాటాయి. కదిరి లక్షకు దగ్గర పడింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి ఆ తర్వాత ఎంత పెరిగాయో సర్కారు దగ్గరే సరైన లెక్క లేదు. కరువుకు పల్లె వదిలినవాడు బెంగుళూరుకైనా పోతాడు, దగ్గర్లోని పట్టణానికైనా వస్తాడు. రెండు పనులూ జరుగుతున్నాయని మన ఊళ్ల అంచుల్లో లేచిన కొట్టాలే సాక్ష్యం.

ఈ ఊళ్లలో ఏ రెండూ ఒక తీరువి కావు. ధర్మవరంలో నేతగాని ఇల్లే అతని కార్ఖానా. గుంట మగ్గంలోకి వాన నీరు ఊరితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అక్కడ మురికి కాలువ ఎంత లోతు తవ్వాలన్నది నేతగాని కూలికి సంబంధించిన విషయం. గుంతకల్లు రైలు కట్టిన ఊరు, పట్టాలు దాన్ని ముక్కలు చేశాయి. తాడిపత్రిలో బండల పాలిష్ మిల్లుల సున్నపు బురద ఎక్కడ పోయాలన్నది తెగని తగాదా. రాయదుర్గంలో ఇంటింటా జీన్స్ కుట్టే మిషన్ల చప్పుడు. హిందూపురం మనసు ఇక్కడ, మార్కెట్టు బెంగుళూరులో. ఇవన్నీ తెలిసిన మనిషి కావాలా, తెలియని మనిషి కావాలా? విజయవాడ ప్లానును, బెంగుళూరు ప్లానును తెచ్చి పేరు మార్చి అతికిస్తే ఈ ఊళ్లకు సరిపోతుందా?

మొదటి మెట్టే విరిగింది

ప్లానింగు చదివి బయటికొచ్చిన పిల్లలకు మొదటి రెండు మూడేళ్లే ప్రాణం. ఆ కాలంలో ఒక ఊరిలో తిరిగి, ఒక సర్వే చేసి, ఒక లేఔట్ తప్పు పట్టుకుని, ఒక కౌన్సిల్ మీటింగులో మాట పడితేనే ప్లానర్ తయారవుతాడు. ఆ మొదటి మెట్టు మనవాళ్లకు ఎక్కడ ఉంది?

సర్కారు ఇచ్చింది ఒకటుంది, కాదనడం లేదు. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ కార్యదర్శి అనే పోస్టు వచ్చింది. సీమ పిల్లలు చాలామంది పరీక్ష రాసి చేరారు. పేరులో ప్లానింగ్ ఉంది. పని మాత్రం ఎక్కువగా రెగ్యులేషనే. ఇంటి ప్లానుల తనిఖీ, అక్రమ కట్టడాలకు నోటీసులు, ఏ శాఖ సర్వే వస్తే ఆ సర్వే. సివిల్ డిప్లొమా చేసినవాళ్లకూ, ప్లానింగు డిగ్రీ చేసినవాళ్లకూ అదే గుమ్మం. నెలకు 15 వేల రూపాయలకు రెండేళ్లన్నారు. ప్రొబేషన్ ఖరారై పూర్తి జీతం వచ్చేసరికి 2022 జూలై అయింది. వార్డు కార్యదర్శిగా చేరిన ప్లానింగు పట్టభద్రుడు పదేళ్లకు ఏ పోస్టులో ఉండాలి, ఎట్లా ఎదగాలి అన్నది మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

ఇక పట్టణాభివృద్ధి సంస్థలు. అనంతపురం, హిందూపురం పేర్లతో అహుడా ఉంది. పుట్టపర్తికి పుడా ఉంది. బోర్డులున్నాయి, చైర్మన్ కుర్చీలున్నాయి, లేఔట్ ఫీజులున్నాయి. ఇట్లాంటి సంస్థలను డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లతో, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందితో నెట్టుకురావడం రాష్ట్రమంతా ఉన్న అలవాటు. మాస్టర్ ప్లాన్ పని టెండరుకు పోతుంది. టెండరులో ఇంత టర్నోవరు ఉండాలి, ఇన్ని నగరాలకు ప్లాన్ చేసి ఉండాలి అని రాస్తారు. ఆ షరతులు సీమలో పుట్టిన చిన్న సంస్థ ఎప్పటికీ అందుకోలేదు. ఎక్కడో ఉన్న పెద్ద కన్సల్టెన్సీ గెలుస్తుంది. మన పిల్లలు అక్కడికి పోయి, వాళ్ల దగ్గర కూలికి, మన ఊరి పటమే గీస్తారు. మన పల్లె జనం మిరప కోతలకు గుంటూరు పోవడాన్ని సుగ్గికి పోవడం అంటాం. పీజీ చదివిన పిల్లలదీ సుగ్గే. కొడవలి బదులు ల్యాప్‌టాప్ పట్టుకున్నారు, అంతే.

2015లో కేంద్రం స్మార్ట్ సిటీల పథకం తెచ్చింది. ఆ పథకం కోసం పెట్టిన కంపెనీల్లో ప్లానింగు, పాలసీ చదివినవాళ్లకు పని దొరికింది. రాష్ట్రానికి వచ్చిన నాలుగింటిలో సీమకు దక్కింది తిరుపతి ఒక్కటే. ఆ పథకం 2025 మార్చితో ముగిసింది. అదే 2015లో మొదలైన అమృత్ పథకంలో పట్టణాలకు జీఐఎస్ మాస్టర్ ప్లాన్ల కోసం డబ్బు పెట్టారు. డబ్బు వచ్చింది, పటం వచ్చింది. పటం గీసినవాళ్లు బిల్లు తీసుకుని పోయారు. ఆ పటాన్ని చదివి, రేపు మార్పులొస్తే దిద్దే మనిషి మాత్రం మునిసిపాలిటీలో మిగల్లేదు.

రాజధాని గీసినప్పుడు

పటం ఎవరి చేతిలో ఉందో అన్నదాన్ని బట్టి డబ్బు ఎటు పోతుందో తేలుతుంది. 2014లో ఇది మనం కళ్లారా చూశాం. విభజన చట్టం కింద కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు కె.సి.శివరామకృష్ణన్. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసిన మనిషి. నగరాల వ్యవహారంలో దేశంలో ఆయన మాటకు విలువ ఉండేది. 2014 ఆగస్టులో ఆయన కమిటీ నివేదిక ఇచ్చింది. విజయవాడ, గుంటూరుల నడుమ ఒక మహానగరం కట్టొద్దు, పంట భూములు పోతాయి, అభివృద్ధిని రాష్ట్రమంతా పంచండి అని చెప్పింది. ఆ నివేదికను పక్కన పడేశారు. ఆ ఏడాది డిసెంబరులోనే సీఆర్‌డీఏ చట్టం వచ్చింది. ల్యాండ్ పూలింగ్‌లో 33 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. సింగపూరు నుంచి మాస్టర్ ప్లాన్ వచ్చింది. 2020లో మూడు రాజధానుల చట్టం అన్నారు, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. 2024 డిసెంబరులో అమరావతి కోసం ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణాలు మంజూరు చేశాయి. విభజన తర్వాత వెనుకబడిన జిల్లాల ప్యాకేజీ కింద మన జిల్లాకు లెక్కగట్టింది ఏటా 50 కోట్లు.

మనం ఇక్కడ గుంటూరు రైతును, విజయవాడ కూలిని తిట్టడం లేదు. వాళ్లతో మనకు పేచీ లేదు. మనం అడుగుతున్నది వేరు. ప్లానర్లకు, పాలసీ పట్టభద్రులకు రాష్ట్రంలో పని పుట్టే చోటు ఒకే ఒక్క నగరం అయితే, ఆ చదువు చదివిన మడకశిర పిల్లోడు, ఆలూరు పిల్ల ఏం కావాలి? ఒకే నగరానికి పటం గీసే చేతులన్నీ అక్కడే చేరితే మిగతా ఊళ్లకు మిగిలేది ఏమిటి?

1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి ఉద్యోగ మిత్రులకు బాగా తెలుసు. ఆరు సూత్రాల పథకం నుంచి పుట్టింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు కలిపి నాలుగో జోను అన్నది. జిల్లా, జోను పోస్టుల్లో స్థానికులకు వాటా అన్నది. అదే ఉత్తర్వు సచివాలయాన్ని, శాఖాధిపతుల ఆఫీసులను, రాష్ట్రస్థాయి సంస్థలను, పెద్ద అభివృద్ధి ప్రాజెక్టులను ఆ వాటా నుంచి తప్పించింది. పాలసీ తయారయ్యేది ఎక్కడ? ఆ తప్పించిన చోట్లే. గుమాస్తా పోస్టులో స్థానికుడికి వాటా ఉంది, పటం గీసే పోస్టులో లేదు. జోన్లు ఎన్నిసార్లు కొత్తగా గీసినా ముందు చూడాల్సింది ఈ మినహాయింపుల జాబితానే.

పటం లేని ప్రగతి

ప్లానర్ లేకుండా భూమి పంచితే ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాం. 2008 తర్వాత లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో దాదాపు 8,800 ఎకరాలు ఒక్క సంస్థ చేతిలో పెట్టారు. చెప్పిన పరిశ్రమలు రాలేదు. కేసులు వచ్చాయి. రైతు చేతిలో భూమి లేదు, పిల్లల చేతిలో ఉద్యోగం లేదు.

2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచికి కియా వచ్చింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. సంతోషమే. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి ఫ్యాక్టరీకి చేరేలా ప్లాన్ చేయడం అధికారులకు చేతనయింది. అంత పెద్ద ఫ్యాక్టరీ వస్తే పనివాళ్లు ఎక్కడ ఉంటారు, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆడపిల్లలకు హాస్టల్ ఎక్కడ, బడి ఎక్కడ, పక్క పల్లె చెరువు సంగతేమిటి? ఈ లెక్కలు వేయడానికి పది మంది యువ ప్లానర్లకు అయిదేళ్లు చేతినిండా పని ఉండాల్సింది. ఇట్లాంటి పెట్టుబడి వచ్చిన ప్రతిచోటా దాని వెంట ఒక ప్లానింగు బృందం రావాలని మనం అడిగామా?

మన తప్పు కూడా ఉంది

ఇక్కడ మనల్ని మనం కూడా నిలదీసుకోవాలి. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగినప్పుడు మన పెద్దలు నీళ్లు అడిగారు, రాజధానో హైకోర్టో ఎంచుకునే హక్కు అడిగారు, వాటితో పాటు చదువు కూడా అడిగారు. విశ్వవిద్యాలయ కేంద్రాలు రెండు ఉండాలి, ఒకటి వాల్తేరులో, రెండోది అనంతపురంలో అన్నారు. అనంతపురానికి పీజీ సెంటర్ రావడానికి 1968 దాకా పట్టింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయ్యేసరికి 1981. రాజధానిని 1953లో కర్నూలుకు ఇచ్చి, గుడారాల్లో ఆఫీసులు నడిపి, 1956లో హైదరాబాదుకు పట్టుకుపోయారు. ఇదంతా మన సభల్లో ప్రతి వక్తా చెబుతాడు. నీళ్ల మీద మన దగ్గర వంద పాటలున్నాయి. రాజధాని మీద వెయ్యి ఉపన్యాసాలున్నాయి. మన మునిసిపాలిటీలో ప్లానర్ పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని అని సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు పెట్టినవాళ్లు మనలో ఎంతమంది?

రాష్ట్రం వస్తే అన్నీ అవే వస్తాయని పిల్లలకు చెప్పడం కూడా మోసమే. తెలంగాణ మిత్రుల అనుభవం మన కళ్ల ముందుంది. 2014లో వాళ్లకు రాష్ట్రం వచ్చింది. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, స్థానికులకు 95 శాతం వాటా వచ్చింది. అది గెలుపే. కానీ 2023 మార్చిలో ఏమయింది? టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్ పరీక్ష 12వ తేదీన జరగాలి. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ప్రశ్నపత్రాలు లీకయ్యాయని బయటపడింది. పరీక్ష ఆగిపోయింది. ఆ తీగ లాగితే గ్రూప్-1 దాకా కదిలింది. ఉద్యోగాల కోసం ప్రాణాలిచ్చిన ఉద్యమం నుంచి పుట్టిన రాష్ట్రంలో, అదే ప్లానింగు ఉద్యోగం కోసం చదివిన పిల్లలు మళ్లీ రోడ్డెక్కారు. వాటాతో పాటు వ్యవస్థ కూడా కావాలన్నది మనకు పాఠం. ఆ వ్యవస్థను నడిపే మనుషులను ఉద్యమ కాలంలోనే తయారు చేసుకోవాలి. గెలిచిన తర్వాత వెతుక్కుంటే మళ్లీ సింగపూరుకే టెండరు పోతుంది.

అడగాల్సినవి ఇవి

అందుకే ఈ పత్రిక తరఫున కొన్ని డిమాండ్లు పెడుతున్నాం. వీటికి రాష్ట్ర ఏర్పాటు దాకా ఆగాల్సిన పని లేదు. రేపు ఉదయమే అడగొచ్చు.

ఒకటి. సీమలోని ప్రతి మునిసిపాలిటీలో ప్లానింగు చదివినవాళ్లతోనే నింపే పోస్టు కనీసం ఒకటి ఉండాలి. కార్పొరేషన్లలో ఒక బృందమే ఉండాలి. వార్డు ప్లానింగ్ కార్యదర్శుల్లో ప్లానింగు డిగ్రీ ఉన్నవాళ్లకు పదోన్నతి దారి చూపించాలి.

రెండు. 74వ రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలన్నది. మన రాష్ట్రం 2005లో దానికి చట్టం చేసింది. కమిటీ అంటే ఏడాదికొకసారి కూర్చుని టీ తాగి లేచే సభ కాదు. దానికి ఒక ప్లానింగు విభాగం కావాలి. అర్బన్ ప్లానింగ్, పబ్లిక్ పాలసీ, ఎకనామిక్స్, జాగ్రఫీ చదివిన జిల్లా పిల్లలను రెండేళ్ల ఫెలోలుగా అందులోకి తీసుకోవాలి. కరువు జిల్లాలో పల్లె నీళ్ల లెక్క, పట్నం నీళ్ల లెక్క ఒకే బల్ల మీద పెట్టి చూసేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

మూడు. మాస్టర్ ప్లాన్ టెండరు గెలిచిన ఏ కన్సల్టెన్సీ అయినా సీమలో ఆఫీసు పెట్టాలి. స్థానిక పట్టభద్రులకు జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. పని అయ్యాక పటాలు, లెక్కలు అన్నీ మునిసిపాలిటీకి అప్పగించాలి. ఈ షరతు టెండరు కాగితంలోనే ఉండాలి.

నాలుగు. అనంతపురానికి ప్లానింగు చదువు కావాలి. మద్రాసులో 1946లో మొదలై 1948లో ఇక్కడికొచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ ఈనాడు జేఎన్‌టీయూ అయింది. ఎస్కేయూ ఉంది, 2018లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ప్లానింగు, నీళ్లు, కరువు కలిపి చదివే కోర్సుకు దేశంలో ఇంతకన్నా తగిన చోటు ఏది? 2022 కేంద్ర బడ్జెట్‌లో పట్టణ ప్రణాళిక కోసం అయిదు విద్యాసంస్థలను ఎంచి ఒక్కొక్క దానికి 250 కోట్ల నిధి ఇస్తామన్నారు. మా జిల్లాకు ఒకటి ఇవ్వండి అని పార్లమెంటులో లేచి అడిగిన గొంతు ఏది?

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

డిమాండ్లు పెట్టి మిమ్మల్ని ఖాళీగా కూర్చోమనడం లేదు. దారులు కొన్నున్నాయి, మన పల్లె బడుల్లో ఎవరూ చెప్పరు. కార్పొరేట్ కాలేజీ మీకు ఇంజినీరింగ్, మెడిసిన్ రెండే లోకాలని చెబుతుంది. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్లు జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాసి బి.ప్లాన్‌కు పోవచ్చు. 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విజయవాడలో ఉంది. హైదరాబాదులో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లే కాదు, జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీ పీజీ చేసినవాళ్లు కూడా చాలా చోట్ల ఎం.ప్లాన్‌లో చేరొచ్చు. ఎస్కేయూ హాస్టళ్లలో డీఎస్సీ ఒక్కదాని కోసమే ఏళ్లు గడుపుతున్న మిత్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

చదువు అయినవాళ్లు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్‌లో సభ్యత్వం తీసుకోండి. జీఐఎస్ చేతికి రానిదే ఈ రంగంలో అడుగు పడదు, అది నేర్చుకోండి. మునిసిపాలిటీల్లో ఇంటర్న్‌షిప్‌ల కోసం కేంద్రం 2020లో ట్యులిప్ అనే పథకం తెచ్చింది. దాన్ని పట్టుకుని మీ మునిసిపల్ కమిషనర్ దగ్గరికి పోయి, మా ఊళ్లో ఎన్ని అవకాశాలు చూపించారని అడగండి. లేవంటే ఎందుకు లేవో కాగితం మీద రాసిమ్మనండి. బెంగుళూరు పోవాల్సి వస్తే పోండి, తప్పు లేదు. ఇల్లు గడవాలి. పోయినచోట పని నేర్చుకోండి. కానీ పండక్కి వచ్చినప్పుడు మీ ఊరి వంక వెంబడి ఒకసారి నడవండి. ఎక్కడ పుట్టింది, ఎక్కడ పూడిపోయింది, ఎవరి గోడ అడ్డం వచ్చింది రాసుకోండి. పది మంది పది ఊళ్లలో ఈ పని చేస్తే అది మన ప్రజల మాస్టర్ ప్లాన్ అవుతుంది. దాన్ని ఈ పత్రికలో అచ్చేస్తాం.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేస్తున్న సీమ బిడ్డలు మీలో ఉన్నారు. ఒత్తిళ్ల నడుమ సంతకం పెట్టనని నిలబడినవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం. మీ సంఘాల సమావేశాల్లో డీఏ, పీఆర్సీలతో పాటు ఖాళీ పోస్టుల లెక్క కూడా పెట్టండి. మీ కింద చేరిన కుర్రవాళ్లకు ఫైలు మోయడం ఒక్కటే కాదు, ఫైలు చదవడం నేర్పండి.

ఆ చెల్లెలు మొన్న రాత్రి బస్సుకే బెంగుళూరు వెళ్లిపోయింది. పోయేటప్పుడు తను పట్టుబట్టి మార్పించిన ఆ పటం గురించే మళ్లీ చెప్పింది. ఆ పట్టణం పేరు మేము అడగలేదు. సీమలో ఏ పట్టణమైనా కావచ్చు. ఆ వంక ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. వాళ్ల ఇళ్లు కాపాడిన పిల్ల సొంత జిల్లాలో ఉద్యోగం లేక వలస పోయిందని కూడా తెలియదు. ఒక మంచి పిల్ల ఆ రోజు సెలవు పెట్టలేదు కాబట్టి ఒక ఊరు బతికింది. ఇంకెన్నాళ్లు మన ఊళ్లు ఇట్లా అదృష్టం మీద బతకాలి?

మన నీళ్లు మనకు కావాలన్నాం. మన ఉద్యోగాలు మనకు కావాలన్నాం. ఇకనుంచి మన పటం కూడా మన చేతికి కావాలని అడుగుదాం. ఆ పటం గీసే పిల్లలను వెనక్కి పిలిపించుకుందాం.